లైటు ఆర్పమంటే ఇంటి తాళాలన్నీ కావాలట

మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంట్‌కి నేను అప్పగించాలనుకున్న పని ఒక్కటే, రాత్రి హాల్లో లైట్లు ఆర్పడం. దానికి యాప్ ఏమడిగిందో తెలుసా? ఇంట్లో ఉన్న అన్ని పరికరాలనూ చూసే, నడిపే అనుమతి! అన్నీ అంటే వీధి తలుపు స్మార్ట్ లాక్, పిల్లల గదిలో కెమెరా, గీజర్‌తో సహా. ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకోవాలి, లేదంటే మానుకోవాలి.

లైటు పొరపాటున వెలిగితే కొంపేమీ మునగదు. అర్ధరాత్రి తలుపు తెరుచుకుంటే? ఈ రెండింటినీ ఒకే గాటన ఎలా కడతారు? తలుపు వేసి ఉందో లేదో చెప్పడం వేరు, తీయడం వేరు. తీసే ముందు ప్రతిసారీ నా ఫోన్‌కి వచ్చి నన్ను అడగాలి.

ఇది ఉత్త భయం కాదు. క్యాలెండర్ ఆహ్వానంలో ఆదేశాలు దాచిపెట్టి, గూగుల్ ఏఐ అసిస్టెంట్ జెమిని చేతే లైట్లు ఆర్పించి, కిటికీ షట్టర్లు తెరిపించి, బాయిలర్ వేయించవచ్చని 2025 ఆగస్టులో పరిశోధకులు చేసి చూపించారు. అంటే ఏజెంట్ చదివే ఏ మెయిల్ అయినా దానికి యజమాని అయిపోవచ్చు. తలచుకుంటేనే టెన్షన్.

పోనీ చేయలేని పనా? ‘హోమ్ అసిస్టెంట్’ అనే స్మార్ట్ హోమ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ పరికరం ఏఐకి కనిపించాలో ఒక్కొక్కటిగా ఎంచుకోవచ్చు. మిగతావాళ్లకేం అడ్డం?

మొదట ఒప్పుకుని ఇచ్చిన అనుమతి నిన్న రద్దు చేశాను. ఆ సెట్టింగ్ ఎక్కడుందో వెతకడానికే అరగంట పట్టింది. ఇవ్వడానికి మాత్రం ఒక్క నొక్కు చాలింది.