పబ్లిక్‌లో పెట్టినదానికి చట్టం అడ్డురాదు

సంక్రాంతి ముందు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరతాయి. ఆ క్యూలోంచే ఫొటోలు స్టేటస్‌లోకి ఎక్కుతాయి. నగరంలో ఇంటికి తాళం పడిందని, పండగ అయ్యేదాకా తీయరని ఆ ఒక్క ఫొటో ఊరందరికీ చెప్పేస్తుంది. ఊరెళ్తున్న సంగతి సోషల్ మీడియాలో పెట్టొద్దని పోలీసులు పండగకు ముందు చెబుతూనే ఉన్నారు. ఫొటోలు తిరిగొచ్చాక పెడితే ఆనందమేమీ తగ్గదు.

వ్యక్తిగత వివరాలకు చట్టం రక్షణ ఉంది కదా అన్న ధీమా చాలామందిలో కనిపిస్తోంది. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చిచెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. డేటాను భద్రంగా ఉంచని సంస్థలకు రూ.250 కోట్ల దాకా జరిమానా వేసే వీలుంది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధానమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల గడువిచ్చారు. కానీ ఆ చట్టంలోని మూడో సెక్షన్‌ను పట్టించుకున్నవారు తక్కువ. ఎవరి వివరాలు వారే బహిరంగంగా పెట్టుకుంటే వాటికి ఈ చట్టం వర్తించదు. ఒక వ్యక్తి సొంతానికో ఇంటి అవసరానికో వాడుకునే సమాచారానికీ వర్తించదు. అంటే 'పబ్లిక్' అని పెట్టిన పుట్టిన తేదీ, ఫోన్ నంబరు ఎవరు ఎత్తుకెళ్లినా ఈ చట్టం చూపి నిలదీయలేం. అందుకే గడువు ముగిసేదాకా ఆగకుండా సెట్టింగులు ఇవాళే సరిచేసుకోవాలని అంటున్నాం.

మొదట చూసుకోవాల్సింది ఫోన్ నంబరు, ఫ్రెండ్స్ లిస్టు. 2021లో 53.3 కోట్ల ఫేస్‌బుక్ ఖాతాల నంబర్లు ఇంటర్నెట్‌లో బయటపడ్డాయి. పాస్‌వర్డ్‌లు ఎవరూ దొంగిలించలేదు. ఫోన్‌లోని కాంటాక్టులు ఎక్కిస్తే స్నేహితులను వెతికిపెట్టే సదుపాయంలోకి నంబర్లు గుట్టలుగా పోసి, ఏ నంబరు ఎవరిదో రాబట్టారు. అంతకుముందు 2018లో, ఫేస్‌బుక్ ఖాతాదారుల వివరాలు ఒక క్విజ్ యాప్ ద్వారా కేంబ్రిడ్జ్ ఎనలిటికా అనే రాజకీయ ప్రచార సంస్థ చేతికి చేరిన వ్యవహారం బయటికొచ్చింది. ఆ యాప్‌ను మన దేశంలో వేసుకున్నది 335 మందే. వివరాలు చేజారి ఉండొచ్చని ఫేస్‌బుక్ ఒప్పుకున్నది మాత్రం 5.62 లక్షల మందివి. వాళ్లలో దాదాపు అందరూ యాప్ ముఖమే చూడనివారు. యాప్ వేసుకున్నవాళ్ల స్నేహితులు కావడమే వాళ్లు చేసిన పని.

ఫేస్‌బుక్ సెట్టింగుల్లో, ఫోన్ నంబరుతో మిమ్మల్ని ఎవరు వెతకొచ్చు, మీ ఫ్రెండ్స్ లిస్టు ఎవరు చూడొచ్చు అనే రెండింటినీ 'ఓన్లీ మీ'కి మార్చాలి. ఫ్రెండ్స్ లిస్టు తెరిచి ఉండటం వల్లే నకిలీ ఖాతాల దందా నడుస్తోంది. మీ ఫొటో, పేరుతో ఖాతా తెరిచి, ఆ లిస్టులోని వాళ్లకే 'అర్జెంటుగా ఇరవై వేలు పంపు, సాయంత్రం ఇచ్చేస్తా' అని మెసేజ్ పెడతారు. లిస్టు కనిపించకపోతే ఎవరిని అడగాలో వాళ్లకు తెలియదు. పాత పబ్లిక్ పోస్టులన్నిటినీ ఒక్కసారిగా ఫ్రెండ్స్‌కే పరిమితం చేసే 'లిమిట్ పాస్ట్ పోస్ట్స్' కూడా అక్కడే ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతాను ప్రైవేట్ చేసి, కాంటాక్ట్ సింక్ ఆపేయాలి.

వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫొటో, గ్రూపుల్లో చేర్చే అనుమతి 'మై కాంటాక్ట్స్'కు మార్చడం నిమిషం పని. అంతకన్నా ముఖ్యం టూ స్టెప్ వెరిఫికేషన్. అది లేకపోతే ఎస్ఎంఎస్‌లో వచ్చే ఆరంకెల కోడ్ ఒక్కటి చెప్పించుకుంటే చాలు, ఖాతా మోసగాడి ఫోన్‌లోకి పోతుంది. మీరు పెట్టుకున్న ఆరంకెల పిన్ ఉంటే అక్కడే ఆగిపోతాడు. పిన్‌తో పాటు ఈమెయిల్ కూడా ఇవ్వాలి. ఇవ్వకుండా పిన్ మరిచిపోతే ఏడు రోజులు ఆగాల్సి వస్తుంది. 'లింక్డ్ డివైసెస్' తెరిచి, తెలియని కంప్యూటర్ కనిపిస్తే లాగవుట్ చేయాలి. పెళ్లిపత్రిక పేరుతోనో ట్రాఫిక్ చలానా పేరుతోనో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైల్) వస్తే, పంపింది మేనమామ అయినా నొక్కొద్దు. శుభలేఖ చూడటానికి యాప్ వేసుకోవాల్సిన అవసరం లేదు. అది అడిగేది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి, అంటే మీ బ్యాంకు ఓటీపీలు.

ఫొటోలో కనిపించేదే కాక కనిపించనిదీ ఉంటుంది. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైల్‌లో నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది చెరిగిపోతుంది. క్వాలిటీ తగ్గకూడదని 'డాక్యుమెంట్'గా పంపితే చెక్కుచెదరకుండా వెళ్తుంది.

అపార్ట్‌మెంట్ గ్రూపుల తీరు మరీ ఆందోళనకరం. కొత్తగా అద్దెకొచ్చినవారి ఆధార్, పనిమనిషి ఆధార్, వాచ్‌మన్ ఆధార్ అన్నీ గ్రూపులోనే పెడుతున్నారు. రెండు వందల మంది ఉన్న గ్రూపులో పెడితే ఆ కార్డు రెండు వందల ఫోన్లకు చేరినట్టే. 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కినా ఐఫోన్ గ్యాలరీలో అప్పటికే సేవ్ అయినది పోదు. పనిమనిషిని ఎవరూ అడగరు కూడా. కార్డు తప్పనిసరైతే ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ సైట్‌లో దొరికే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోవాలి. అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. దాన్ని కార్యదర్శి ఒక్కరికే ఇవ్వాలి.

నష్టం జరిగాక చాలామంది భయంతో ముందుగా చాట్ డిలీట్ చేసి బ్లాక్ చేస్తారు. దాంతో సాక్ష్యమే పోతుంది. ముందు స్క్రీన్‌షాట్లు తీయాలి. పేరు, ఫొటో మార్చేస్తారు కాబట్టి ప్రొఫైల్ లింకు కాపీ చేసుకోవాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఇంకో ఖాతాలోకి మళ్లేలోగా అయితేనే బ్యాంకు ఆ మొత్తాన్ని ఆపగలదు. ఏకాంత ఫొటోలతో బెదిరిస్తుంటే మహిళల రక్షణ కోసం తెలంగాణ పోలీసులు నడిపే షీ టీమ్స్‌ను ఆశ్రయించాలి.

పిల్లల విషయంలో తప్పు మరీ పెద్దది. ఫలితాల రోజు కాలేజీల ఫేస్‌బుక్ పేజీల్లో పిల్లల ఫొటో, పేరు, హాల్‌టికెట్ నంబరు, ర్యాంకు వరసగా ప్రత్యక్షమవుతాయి. ఇక్కడ వివరాలు పెట్టింది పిల్లలు కాదు, సంస్థలు. కొత్త చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే. వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలి. అడ్మిషన్ ఫారంలో ఎక్కడో ఒక లైను పెట్టి సంతకం తీసుకుంటే అది సమ్మతి కాదు. ప్రచారానికి వాడే ఫొటోకు విడిగా పత్రం తీసుకోవాలని, హాల్‌టికెట్ నంబరు ఎక్కడా వేయరాదని ఇంటర్ బోర్డు, పాఠశాల విద్యాశాఖ వచ్చే ఫలితాలకు ముందే ఉత్తర్వులివ్వాలి.