రెండు పచ్చ లైట్లు

ఇది జరిగి రెండు గంటలు కూడా కాలేదు, చెవులింకా వేడిగానే ఉన్నాయి, కాబట్టి ఎక్కడైనా అటూఇటూ అయితే సర్దుకుపోండి. గేర్ల బైక్ నేర్చుకుంటూ ఖాళీ గ్రౌండ్‌లో నాలుగు రోజులు గుండ్రంగా తిరిగా, ఐదో రోజు మా బావ వెనకెక్కి కూర్చుని "ఇంక చాల్లే, రోడ్డు మీదకి పోనీ" అన్నాడు, పోనిచ్చా.

మా బావ నేర్పే పద్ధతి గురించి చెప్పాలి. ఆయన దగ్గరున్న సిలబస్ మొత్తం ఒకటే ముక్క, "ఎక్సలేటర్‌ని ఫీలవ్వాలిరా." ఎంత తిప్పాలి బావా అంటే ఫీలవ్వు అంటాడు. క్లచ్ ఎంత వదిలితే బండి లాగుతుంది అంటే అదీ ఫీలవ్వాలిట. ఈత నేర్పమంటే నీళ్ళని ఫీలవ్వమని బావిలోకి తోసే రకం. ఈ ఉపదేశం చేసేసి వెనక కూర్చుని ఫోన్ చూసుకుంటాడు.

సరే, రెడ్ పడింది, ఆగా. నాకు ఇప్పటిదాకా బాగా వచ్చింది ఆగడమొక్కటే. క్లచ్ పట్టుకుని పట్టుకుని ఎడం చెయ్యి పీకుతోందని న్యూట్రల్ చేశా, అంటే ఏ గేరులోనూ లేకుండా పెట్టా. న్యూట్రల్ సంగతి తెలుసుగా, ఒకటో గేరుకీ రెండో గేరుకీ మధ్యలో దాక్కుని ఉంటుంది, గ్రౌండ్‌లో పావుగంట వెతికినా దొరకలేదు, అలాంటిది ఇవాళ కాలితో ఇలా లేపానో లేదో టక్కున పడింది. మీటర్లో పచ్చ లైటు వెలిగింది. ఆ గర్వంలో, న్యూట్రల్‌లో ఉన్నానన్న విషయమే మర్చిపోయా.

సిగ్నల్ గ్రీన్ అయింది. పైన పచ్చ లైటు, కింద మీటర్లో పచ్చ లైటు. నాకైతే రెండూ శుభసూచకాల్లాగే కనిపించాయి. నడుం నిటారుగా పెట్టి, చూపు దూరంగా పెట్టి, కొద్దిగా రేజ్ ఇస్తూ మెల్లగా, అబ్బో ఎంత మెల్లగా అంటే వెన్నముద్ద వదిలినట్టు, క్లచ్ వదిలా. బండి కదల్లేదు. సరిపోలేదేమో అని ఇంకాస్త రేజ్ ఇచ్చా. కదల్లేదు. చుట్టూ వాళ్ళు వెళ్ళిపోతున్నారు, గేర్లు లేని స్కూటర్ల మీద హాయిగా, వాళ్ళకేం, తిప్పితే పోతుంది. వెనక కారాయన హారన్ మీద చెయ్యి పెట్టాడు, తియ్యలేదు. (హారన్ కొడితే బండి వస్తుందని ఈ మనుషులకి ఎవరు చెప్పారో.) ఇంజన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూపించే ముల్లు, మామూలుగా 1 మీద గానీ 1న్నర మీద గానీ నిలబడేది, 6 దాటింది, ఇంజన్ దేవుడు పూనినట్టు ఊగుతోంది, నేను మాత్రం ఆ గర్జన మధ్యలో వీరుడిలా ముందుకే చూస్తున్నా. అప్పుడే బావ వీపు మీద రెండుసార్లు తట్టాడు. శభాష్ అంటున్నాడనుకుని ఇంకా తిప్పా. ఈసారి గట్టిగా చరిచాడు. ఇంతలా మెచ్చుకోవడం ఆయన స్వభావం కాదే అనుకుంటుండగా హెల్మెట్‌కి హెల్మెట్ ఆనించి అరిచాడు, "న్యూట్రల్‌రా బాబూ, న్యూట్రల్!"

తెలివున్నవాడు ముందు రేజ్ తగ్గిస్తాడు. నేను క్లచ్ పట్టి, ధడేల్మని ఒకటో గేరు తొక్కి, రేజ్ అలాగే ఉంచి, క్లచ్ వదిలేశా. ఈసారి వెన్నముద్ద ఏం లేదు. బండి ముందుకి దూకింది, నేను వెనక్కి పోయా, నేను వెనక్కి పోతే నాతోపాటు చెయ్యి వెనక్కి వచ్చింది, చెయ్యి వెనక్కి వస్తే ఎక్సలేటర్ ఇంకా తిరిగింది. మణికట్టు కిందకి దించి పట్టుకుంటే ఇలా జరగదట, ఈ ముక్క ఇందాక ఇంటికొచ్చాక చదివా, ఫీలయితే తెలిసేది కాదు. సరే బ్రేక్ వేద్దామని రెండు వేళ్ళు చాపా, ముందు బ్రేక్ కూడా అదే చేతికి పెట్టారు కదా, వేళ్ళు బ్రేక్ నొక్కుతుంటే అరచెయ్యి ఎక్సలేటర్ తిప్పుతోంది. పోవడం, ఆగడం రెండూ ఒకే చేతికి అప్పగించిన మహానుభావుడెవరోగానీ నాలాంటివాణ్ణి జన్మలో చూసుండడు. చివరికి బ్రేక్ గెలిచింది. బండి ఎగిరెగిరి ఆఫ్ అయిపోయింది.

తలెత్తి చూస్తే మళ్ళీ రెడ్. గ్రీన్ మొత్తం వాడుకుని నేను వెళ్ళిన దూరం రెండు బారలు, సరిగ్గా జీబ్రా లైన్ల మధ్యలోకి. నడిచేవాళ్ళు గుడిచుట్టూ తిరిగినట్టు మా చుట్టూ తిరిగి వెళ్తున్నారు. బావ కింద పడ్డ ఫోన్ తీసుకుని, తుడుచుకుని, మళ్ళీ ఎక్కి కూర్చుని అడిగాడు, "ఇప్పుడు ఫీలయ్యావా?"

నేనేం మాట్లాడలేదు. ఎడం కాలితో న్యూట్రల్ వెతుకుతున్నా, దొరకట్లేదు.