వెంటిలేటర్ మీద శవాన్ని ఉంచుతారా? ఐసీయూ గురించి తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

ఆ వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అందులోని మాటలు ఇవి: ఐసీయూలో ఉండేది ప్రత్యేక చదువేమీ లేని డ్యూటీ డాక్టర్లు. వెంటిలేటర్ పెట్టారంటే మనిషి తిరిగి రాడు. ప్రాణం పోయాక కూడా రెండు మూడు రోజులు యంత్రం మీదే ఉంచి బిల్లు పెంచుతారు. అందుకే ఇంటివారిని లోపలికి రానివ్వరు. కాబట్టి వెంటిలేటర్‌కు సంతకం పెట్టవద్దు.

క్రిటికల్ కేర్, అంటే విషమ స్థితిలో ఉన్నవారి చికిత్స చూసే వైద్యుడిగా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ చివరి మాట. ఊపిరి అందక రొప్పుతున్న మనిషి ఎదురుగా ఉండగా, ఇంటివారు ఈ భయంతోనే వెనకాడడం, విలువైన సమయం చేజారడం చూశాను.

ముందు చదువు సంగతి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. ఆపైన ఎండీ మూడేళ్లు, ఎక్కువగా అనస్థీషియా, జనరల్ మెడిసిన్, పల్మనాలజీ వంటి విభాగాల్లో. ఆ తర్వాత క్రిటికల్ కేర్‌లో డీఎం లేదా డీఆర్ఎన్‌బీ అనే సూపర్ స్పెషాలిటీ చదువు మరో మూడేళ్లు. ఇంత శిక్షణ ఉన్నవారు అన్ని ఆసుపత్రుల్లో లేరన్నది నిజమే. చిన్న పట్టణాల్లో మరీ తక్కువ. ఇక్కడ ఇంటెన్సివిస్ట్ (ఐసీయూ ప్రత్యేక వైద్యుడు) ఎవరు, రాత్రిపూట ఎవరు చూస్తారు అని నిలదీసి అడగండి. అది మీ హక్కు.

రెండోది, వెంటిలేటర్ పెడితే తిరిగి రారన్నది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడినప్పుడు, ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగుల్లో నూటికి ఎనభై మందికి పైగా చనిపోతున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు పన్నెండేళ్ల అమ్మాయి గొంతుకు రంధ్రం చేయించి, గొట్టం ద్వారా చేత్తో గాలి అందించి బతికించారు. తర్వాత సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని గాలిసంచులు నొక్కారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఐసీయూ పుట్టింది అక్కడి నుంచే.

మన పల్లెల్లో చూడండి. కట్లపాము కరిచిన మనిషికి కనురెప్పలు వాలి, మింగుడు పడక, చివరికి ఊపిరి ఆగిపోతుంది. విరుగుడు మందు ఇచ్చినా కండరాలు కోలుకునేదాకా కొన్ని రోజులు ఊపిరి అందించాల్సింది వెంటిలేటరే. ఆ తర్వాత ఆ మనిషి నడిచి ఇంటికి వెళ్తాడు. వెంటిలేటర్ రోగాన్ని నయం చేయదు, నయమయ్యేదాకా గడువు ఇస్తుంది. అత్యంత విషమ స్థితిలో ఉన్నవారికే దాన్ని పెడతాం కాబట్టి, ఆ మంచాల మీద మరణాలు ఎక్కువగా కనిపిస్తాయి.

యంత్రం హాని చేయగలదన్నదీ వాస్తవమే. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నవారికి ఒక్కో శ్వాసలో పంపే గాలిని కిలోకు 12 మిల్లీలీటర్ల నుంచి 6కు తగ్గిస్తే మరణాలు సుమారు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని 2000లో వెలువడిన అమెరికా పరిశోధన చూపింది. ఇక్కడ కిలోలంటే రోగి ఉన్న బరువు కాదు, ఎత్తును బట్టి కట్టే లెక్క. అందుకే మంచం మీద ఉన్న మనిషిని టేపుతో కొలుస్తాం. 160 సెంటీమీటర్ల పురుషుడికి శ్వాసకు దాదాపు 340 మిల్లీలీటర్లు. చదువు అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

ఇక చనిపోయినా యంత్రం మీద ఉంచుతారన్న మాట. వెంటిలేటర్ గాలిని మాత్రమే నెడుతుంది, రక్తాన్ని తిప్పలేదు. గుండె ఆగిపోతే ఛాతీ లేచి పడుతున్నట్టు కనిపించినా ఒళ్లు చల్లబడుతుంది. రక్తం కిందికి దిగి వీపున ఊదా మచ్చలు తేలతాయి. కొద్ది గంటల్లోనే దవడ, మెడ బిగుసుకోవడం మొదలవుతుంది. మన ఎండలకు ఒకటి రెండు రోజుల్లో వాసన వస్తుంది. మూడు రోజులు దాచడం ఎవరి తరమూ కాదు. మంచం కింద వేలాడే మూత్రం సంచిని చూడండి. అందులోకి కొత్తగా మూత్రం చేరుతోందంటే రక్తం తిరుగుతున్నట్టే. రాకపోతే మాత్రం ప్రాణం పోయినట్టు కాదు, కిడ్నీలు దెబ్బతిన్నా రాదు.

ఈ అనుమానానికి మూలం చాలావరకు బ్రెయిన్ డెత్. అప్పుడు మెదడు శాశ్వతంగా ఆగిపోతుంది, గుండె మాత్రం యంత్రం సాయంతో కొంతకాలం కొట్టుకుంటుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. దీన్ని ఇంటివారికి కూర్చోబెట్టి వివరించకుండా కాగితం చేతిలో పెట్టే ఆసుపత్రులే పుకార్లకు ఊపిరి పోస్తున్నాయి.

లోపలికి రానివ్వకపోవడానికి ఇన్ఫెక్షన్ భయం ఒక కారణం. అంతమాత్రాన పూర్తిగా తలుపులు మూయనక్కరలేదని నా గట్టి అభిప్రాయం. చేతులు కడుక్కుని రోజూ కాసేపు పక్కన నిలబడనివ్వాలి. కేస్ షీటు నకలు కోరితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. రాతపూర్వకంగా అడగండి.

సంతకం మాటకు వస్తే, వద్దనడం అన్నిసార్లూ తప్పు కాదు. ముదిరిన క్యాన్సర్‌తో చివరి దశలో ఉన్న పెద్దాయనకు గొట్టం వేయవద్దని ఇంటివారు కోరితే నేను వారి పక్షమే. అమర్చిన యంత్రాన్ని తొలగించే దారిని కూడా సుప్రీంకోర్టు 2018లో చూపి, 2023లో సులభం చేసింది. ఇప్పుడు రెండు వైద్య బోర్డులు పరిశీలించి అంగీకరించాలి. కట్లపాము కాటుతో వచ్చిన ముప్పై ఏళ్ల రైతు విషయం వేరు. ఆయనకు వెంటిలేటర్ వద్దంటే, బతికే మనిషిని పోగొట్టుకున్నట్టే.