ఆ పిల్లలకు ఏమీ కాలేదంట!

కడప ఊళ్ళోకి ఒక ప్రమాదకరమైన నవల వచ్చిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. పుస్తకం పేరు చెప్పను, చెబితే మీరూ కొంటారు. కథ మాత్రం చెబుతాను. పదహారేళ్ళ ఆడపిల్లలు ఇద్దరు. పెద్దవాళ్ళు పెళ్ళికని పక్క జిల్లాకు పోతారు, వానలకు దారి తెగి వారం దాకా రాలేకపోతారు. ఆ వారంలో పిల్లలు పప్పు మాడబెడతారు, మళ్ళీ వండుకుంటారు, కరెంటు బిల్లు కడతారు, కొట్లాడుకుని ఒకపూట మాటలు మానేస్తారు, ఆకలేసి మళ్ళీ కలిసిపోతారు. అంతే. ప్రేమ లేదు, హత్య లేదు, దొంగచాటు సిగరెట్టు కూడా లేదు.

దాన్ని నా మేనకోడలి పుట్టినరోజుకు ఇచ్చాను. పిల్ల నవ్వుకుంటూ చదివింది. అక్కడే అనుమానం వచ్చింది వాళ్ళ నాన్నకు. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల పుస్తకం పట్టుకుని నవ్వుతోందంటే అది ఫిజిక్స్ కాదని తేలిపోయినట్టే కదా.

ఆదివారం సాయంత్రం యర్రముక్కపల్లెలో వాళ్ళింట్లోనే విచారణ. మా బావ, వాళ్ళన్న, పిల్లకు జేజి, ఎదురింటి లెక్కల లెక్చరర్ హాజరు. కారం దోసెలు తెప్పించారు కాబట్టి తొందరేమీ లేదు. బావ నవలంతా ఎర్ర పెన్నుతో చదివి వచ్చాడు.

“డెబ్బై మూడో పేజీ చూడండి. ఈ పిల్ల ఒక్కతే బస్సెక్కింది.”

“ఒక్కతేనా!” అన్నాడు వాళ్ళన్న. “ఎక్కి?”

“కిటికీ పక్కన కూర్చునింది.”

“ఆ తర్వాత?”

“దిగింది.”

“యాడ?”

“దిగాల్సిన చోటే.”

అందరూ నావైపు చూశారు.

“పర్సన్నా పోగొట్టుకోలేదా?” జేజి ఆశగా అడిగింది.

“లేదు జేజీ.”

“పప్పు మాడినప్పుడు చెయ్యన్నా కాలిందా?”

“కాల్లేదు జేజీ. స్టవ్ ఆపేసింది.”

జేజి ముఖం చిన్నబోయింది. లెక్చరర్ దోసె పక్కనపెట్టి గొంతు సవరించుకున్నాడు.

“చివర్లో ర్యాంకేమన్నా వస్తుందా సార్?”

“రాదు సార్,” అన్నాడు బావ.

“పోనీ, పశ్చాత్తాపం?”

“అదీ లేదు. పెద్దోళ్ళు వచ్చేసరికి ఇల్లు ఊడ్చి పెట్టినారు.”

“మరింక నవల రాయడమెందుకు సార్?”

తీర్పు వెలువడింది. పుస్తకం బీరువా మీద, సూట్‌కేసుల వెనక ఉంటుంది. విడుదల ఈఏపీసెట్ అయ్యాక, అదీ ర్యాంకును బట్టి.

వాళ్ళ బాధ నాకు అర్థమైంది. ఆ పిల్ల తప్పు బస్సెక్కి, ఏ చీకటి సందులోనో చిక్కుకుని, “నాన్న మాట వినుంటే ఎంత బాగుండేది” అని వెక్కి వెక్కి ఏడ్చి ఉంటే, ఈ బావే ఆ పుస్తకాన్ని కాపీలు కాపీలుగా కొని బంధువులకు పంచేవాడు. ఏమీ జరగకపోవడమే నేరం. పెద్దవాళ్ళు లేకుండా వారం సుఖంగా గడిచిపోయిందంటే ఇక పెద్దరికం ఏ గంగలో కలవాలి?

వాళ్ళింటికి దగ్గర్లోనే బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 1820లో ఇరవై రెండేళ్ళు కూడా నిండని కుర్రవాడొకడు కడపకు ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే బంగళా కొనుక్కుని, తాళపత్రాలు పోగేసి, పండితులకు జీతాలిచ్చి మన కావ్యాలను బతికించాడు. ఆ బంగళా ఉన్న చోటే గ్రంథాలయం కట్టారు. బ్రౌన్ దొర సముద్రాలు దాటి వచ్చిన ఆ చోటికి మా మేనకోడలు రెండు వీధులు దాటి పోవాలంటే తోడుగా తమ్ముడు ఉండాలి. వాడికి పదకొండేళ్ళు. వాణ్ణి కాపాడుకుంటూ తీసుకుపోయి, కాపాడుకుంటూ తీసుకురావడం పిల్ల పని. దీన్నే వాళ్ళింట్లో రక్షణ అంటారు.

పదేళ్ళు నిండిన పిల్లలు బ్యాంకు ఖాతా సొంతంగా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు అంటుంది. ఆ బ్యాంకుకు ఆడపిల్లలు లేరేమో మరి.

ఇంకో నాలుగైదేళ్ళు పోతే ఇదే బావ ఇదే పిల్లను ఒంటరిగా డల్లాస్ విమానం ఎక్కిస్తాడు, చూస్తూ ఉండండి. ఏడురోడ్ల కూడలి దాటనివ్వని పిల్ల ఒక్కసారిగా అట్లాంటిక్ దాటాలి. అక్కడ పప్పు మాడితే జేజి వీడియో కాల్‌లో ఆర్పుతుంది.

సిలబస్‌లో లేని పుస్తకం చదివితే పిల్లలు చెడిపోతారని లెక్చరర్ సెలవిచ్చాడు. కవి పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నవయసులోనే ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యం రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు పోతే అదే పాఠ్యపుస్తకం. అంటే సిలబస్‌లో లేనిది చదవడం కాదు, ఏకంగా రాసేశారు. ఈ మాట చెబితే లెక్చరర్ “అందులో వెయిటేజీ ఎంత సార్?” అన్నాడు.

ఆయనకు అన్నిటికన్నా మంట పుట్టించింది మాత్రం నవల్లో ఆ ఇద్దరు పిల్లల స్నేహం. “ఫ్రెండ్‌షిప్పులు ఇంటర్ తర్వాత చూసుకోవచ్చు,” అన్నాడు. ఆయన పనిచేసే కాలేజీలో వారం వారం మార్కులు చూసి సెక్షన్లు మారుస్తారు. పక్క బెంచీ పిల్ల పేరు తెలిసేలోపల ఆమె వేరే సెక్షన్‌లో ఉంటుంది. హాస్టల్లో రాత్రి ఇద్దరు గుసగుసలాడితే వార్డెన్ తలుపు బాదుతాడు. “పక్కనున్నది నీ ఫ్రెండ్ కాదు, కాంపిటీటర్” అని పదహారేళ్ళ పిల్లలకు మైకులో చెబుతారు. ఏం మనుషులయ్యా మీరు? ఆ పిల్లకు గుండె దడ పుట్టిన రాత్రి ఎవరితో చెప్పుకోవాల? మార్కులు తగ్గినాయని ఫోన్లో కూడా ముఖం మాడ్చుకునే అమ్మానాన్నలతోనా? ఫలితాలు వచ్చిన మర్నాడు ఏటా పేపర్లో ఏ వార్తలు వస్తాయో మీకు తెలియదా? చదివి, “అయ్యో పాపం” అని, అదే పేపర్లో ర్యాంకుల ఫోటోలు చూసుకుని, ఫీజు కట్టడానికి పోతారు. పిల్లలకు పిల్లలే ధైర్యం. అదొక్కటీ తెంపేసి, దానికి క్రమశిక్షణ అని పేరుపెట్టి, లక్షలు వసూలు చేస్తున్నారు. సిగ్గుండాల!

కోపం దిగాక బావతో రాజీకొచ్చాను. నవలను నేనే తిరగరాసి ఇస్తానన్నాను. ఆ పిల్ల బస్సెక్కుతుంది, రాజంపేట దగ్గర జ్వరం వస్తుంది, నాన్న గుర్తొస్తాడు, స్నేహితురాలితో మాటలు మానేస్తుంది, కోచింగ్‌లో చేరుతుంది. బావ కళ్ళు మెరిశాయి. “ర్యాంకు ఎంత పెడతావబ్బా?” అన్నాడు. మూడంకెల్లో పెడతానన్నాను. రెండంకెలైతే పుస్తకం బీరువా మీదనుంచి దింపుతానంటున్నాడు. బేరం ఇంకా తెగలేదు.