మెయిల్ వస్తోంది, పోవట్లేదా? ఆ ఫార్వార్డ్ నమ్మి ఫార్మాట్ కొట్టించకండి

కొన్నాళ్ళుగా మా వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కొబ్బరి వ్యాపారుల గ్రూపులో చూశాను, రైస్ మిల్లు గుమస్తాల గ్రూపులో చూశాను, ఆఖరికి మా వీధి గ్రూపులో మంచినీళ్ళ గొడవ మధ్యలో కూడా వచ్చి పడింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ:

"కంప్యూటర్‌లో మెయిల్ వస్తోంది కానీ పోవడం లేదా? వస్తోంది కాబట్టి నెట్, పాస్‌వర్డ్, సెట్టింగులు అన్నీ కరెక్టే. మీ సిస్టంలో వైరస్ ఉంది. వెంటనే ఇలా చెయ్యండి. 1) యాంటీవైరస్, ఫైర్‌వాల్ ఆపెయ్యండి. 2) పోర్టు 25 పెట్టి ఎన్‌క్రిప్షన్ తీసెయ్యండి. 3) జీమెయిల్‌లో లెస్ సెక్యూర్ యాప్స్ ఆన్ చేసి పాస్‌వర్డ్ మార్చండి. 4) అకౌంట్ తీసేసి మళ్ళీ కలపండి. 5) అప్పటికీ పోకపోతే ఫార్మాట్ కొట్టించండి. పదిమందికి పంపండి."

అమలాపురంలో నాది చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. నిజం చెప్పాలంటే ఈ మెసేజ్ వల్ల నాకు గిరాకీ పెరిగింది. అయినా దీన్ని ఖండించాలని కూర్చున్నాను, ఎందుకంటే వచ్చేవాళ్ళు మెయిల్ పోవట్లేదని రావట్లేదు, ఈ 5 పనులూ చేసేసి ఉన్నది కూడా పోగొట్టుకుని వస్తున్నారు.

ముందు అసలు మాట: "వస్తోంది కాబట్టి అన్నీ కరెక్టే." ఇదే తప్పు, మిగతా తప్పులన్నీ దీనికి పుట్టిన పిల్లలే. మన డెల్టా వాళ్ళకి ఇది చెప్పడం తేలిక. చేనుకి నీళ్ళు వచ్చేది పంట కాలువలోంచి, పోయేది మురుగు కాలువలోకి. ధవళేశ్వరం నుంచి నీళ్ళు బ్రహ్మాండంగా వస్తున్నాయి కాబట్టి డ్రెయిన్ కూడా బాగుందని కోనసీమలో ఏ రైతైనా అంటాడా? డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క పట్టి ఉండొచ్చు. మెయిల్ కూడా అంతే. లోపలికి తెచ్చేది ఐమ్యాప్ లేదా పాప్ అనే పద్ధతి. బయటికి మోసేది ఎస్‌ఎంటీపీ అని పూర్తిగా వేరే పద్ధతి, 1982 నుంచీ ఉంది. దానికి సర్వర్ (మెయిల్ కంపెనీ వాళ్ళ కంప్యూటర్) పేరు వేరు, పోర్టు నంబరు (ఆ సర్వర్‌లోకి వెళ్ళే గుమ్మం నంబరు) వేరు, ప్రోగ్రాం దాచుకునే పాస్‌వర్డ్ కూడా వేరు. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ల జాబితా తెరిచి చూడండి, ఒకే మెయిల్ అడ్రసుకి రెండు వరుసలు కనిపిస్తాయి, ఒకటి రావడానికి, ఒకటి పోవడానికి. ఎప్పుడో పాస్‌వర్డ్ మార్చి ఉంటారు, రావడానికి అడిగినప్పుడు కొత్తది కొట్టి ఉంటారు, పోవడానికి అడిగినప్పుడు తొందరలో క్యాన్సిల్ నొక్కి ఉంటారు. అంతే సంగతి. అందులో వైరస్ ఎక్కడుంది?

వైరస్ మాట ఎత్తారు కాబట్టి మొదటి సలహా చూద్దాం, యాంటీవైరస్, ఫైర్‌వాల్ ఆపెయ్యమన్నది. వైరస్ ఉందని వాళ్ళే చెప్పి, వైరస్‌ని పట్టుకునేదాన్ని వాళ్ళే ఆపమంటున్నారు! దొంగలు పడ్డారు, కుక్కని కట్టెయ్యండి అన్నట్టుంది. ఇందులో గింజంత నిజం ఉంది, అదీ చెప్పాలి. కొన్ని యాంటీవైరస్‌లు బయటికి పోయే మెయిల్‌ని మధ్యలో ఆపి విప్పి చూస్తాయి, అప్పుడు సర్టిఫికెట్ (సర్వర్ చూపించే గుర్తింపు కార్డు లాంటిది) సరిపోలక ప్రోగ్రాం మొరాయిస్తుంది. దానికి చెయ్యాల్సింది ఆ యాంటీవైరస్‌లో మెయిల్ స్కాన్ అనే ఒక్క ముక్కని ఆపి చూడటం. ఫైర్‌వాల్‌తో సహా అన్నీ ఎత్తేసి, మళ్ళీ పెట్టడం మర్చిపోయి, నెల తర్వాత ఫైళ్ళన్నీ తాళాలు పడిపోయాయని నా దగ్గరికి రావడం కాదు.

రెండోది పోర్టు 25. దీని మీద కొంచెం ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే ఒకప్పుడు ఇది నిజంగానే పనిచేసేది, అందుకే చాలామంది అనుభవం ఉన్నవాళ్ళు కూడా తలూపేస్తున్నారు. 25 అనేది ఒక మెయిల్ సర్వర్ ఇంకో మెయిల్ సర్వర్‌తో మాట్లాడుకునే దారి. మనలాంటి వాళ్ళం మన మెయిల్‌ని మన సర్వర్ చేతికి అప్పజెప్పడానికి 1998లోనే 587 అని వేరే దారి పెట్టారు. 465 అని ఇంకోటి ఉంది, మొదటి క్షణం నుంచీ తాళం వేసుకుని మాట్లాడేది, దాన్ని వాడటమే మేలని 2018లో మళ్ళీ అధికారికంగా చెప్పారు. ఇక 25 సంగతి: వైరస్ పట్టిన ఇళ్ళ కంప్యూటర్లు దాంట్లోంచి స్పామ్ కుమ్మరిస్తున్నాయని చాలా ఇంటర్నెట్ కంపెనీలు మామూలు కనెక్షన్ల మీద ఆ దారి మూసేశాయి. అంటే మీరు 25 పెట్టుకున్నారంటే మూసేసిన గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డట్టు. ఒకవేళ తెరిచి ఉన్నా, ఎన్‌క్రిప్షన్, అంటే ఆ తాళం, తీసేస్తే మీ పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసి పంపినట్టే. జీమెయిల్ అయితే తాళం లేకుండా మాట్లాడితే అసలు తీసుకోదు, 530 అని నంబరు చూపించి ముందు స్టార్ట్‌టీఎల్‌ఎస్ చెయ్యమని, అంటే మాట మొదలెట్టాక తాళం వేసుకోమని, తిప్పి పంపిస్తుంది. కాబట్టి 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్, 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్ లేదా టీఎల్‌ఎస్. ఈ జతలు తారుమారైతే ప్రోగ్రాం నిమిషాల తరబడి గిర్రున తిరుగుతూ కూర్చోవచ్చు, చివరికి టైమవుట్ అనొచ్చు. నా షాపులో ఈ తారుమారు కేసులే ఎక్కువ.

గేటు మూసింది మీ నెట్ వాళ్ళా కాదా తేల్చుకోవడానికి ఫార్మాట్ అక్కర్లేదు. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి కంప్యూటర్‌ని దానికి కలిపి అదే మెయిల్ మళ్ళీ పంపండి. పోయిందా, మీ ఇంటి నెట్ దారిలో అడ్డు ఉంది. పోలేదా, అడ్డు ఇంకెక్కడో ఉంది. రెండు నిమిషాల పని.

మూడోది చదివితే ఈ మెసేజ్ ఎంత పాతదో తెలిసిపోతుంది. ఉత్త పాస్‌వర్డ్‌తో పాత ప్రోగ్రాంలని లోపలికి రానిచ్చే లెస్ సెక్యూర్ యాప్స్ అనే మీట వ్యక్తిగత జీమెయిల్ అకౌంట్లలో 2022 మే 30తో పనిచెయ్యడం మానేసింది. లేని మీట ఎక్కడని ఆన్ చేస్తారు? ఒకాయన సాయంత్రం దాకా వెతికి, "మా ఫోన్లో ఆ ఆప్షన్ ఇవ్వలేదండీ, కొత్త ఫోన్ కొంటే వస్తుందాండీ" అని అడిగారు నన్ను. ఇప్పుడున్నవి రెండే మార్గాలు. ఒకటి, ప్రోగ్రాం గూగుల్ పేజీ తెరిచి అక్కడే మిమ్మల్ని లాగిన్ చేయించే ఓఆత్ పద్ధతి. రెండు, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని యాప్ పాస్‌వర్డ్ తీసుకోవడం, ఆ ప్రోగ్రాం కోసం గూగుల్ విడిగా ఇచ్చేది, 16 అక్షరాలుంటుంది. అవుట్‌లుక్.కామ్ అకౌంట్లకి కూడా 2024 సెప్టెంబర్ 16 నుంచి ఉత్త పాస్‌వర్డ్ చెల్లడం లేదు.

ఇక్కడే చాలామంది తప్పిపోయే చోటు ఒకటుంది. థండర్‌బర్డ్‌లో రావడానికి ఓఆత్ పెట్టి, పోవడానికి నార్మల్ పాస్‌వర్డ్ అని అలాగే వదిలేస్తారు. అప్పుడు అచ్చం ఫార్వార్డ్‌లో చెప్పిన రోగమే: వస్తుంది, పోదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమ పక్క అట్టడుగున అవుట్‌గోయింగ్ సర్వర్ అని విడిగా ఉంటుంది, మీ అకౌంట్ పేరు కింద కాదు, అందుకే ఎవరి కంటా పడదు. అక్కడికి వెళ్ళి ఆథెంటికేషన్ (లాగిన్ పద్ధతి) దగ్గర ఓఆత్ ఎంచుకోండి. పాత అవుట్‌లుక్ ప్రోగ్రాంలో, సొంత డొమైన్ మెయిల్ (@ తర్వాత మీ వ్యాపారం పేరు ఉండేది) పెట్టుకున్నవాళ్ళకి, దీని అన్నదమ్ముడే ఇంకోటి: మోర్ సెట్టింగ్స్‌లో అవుట్‌గోయింగ్ సర్వర్ ట్యాబ్‌లో, సర్వర్‌కి ఆథెంటికేషన్ కావాలి అనే చోట టిక్కు ఉండదు. టిక్కు పెట్టగానే ప్రాణం లేచి వస్తుంది.

పాస్‌వర్డ్ మార్చమన్నారు చూశారూ, అది ఇంకా ఘోరం. గూగుల్ అసలు పాస్‌వర్డ్ మార్చిన మరుక్షణం అప్పటిదాకా తీసుకున్న యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దైపోతాయి. అంటే యాప్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ళు ఈ సలహా పాటిస్తే పోని మెయిల్ పోకపోగా వచ్చే మెయిల్ కూడా ఆగిపోతుంది. అప్పుడు "చూశావా, వైరస్ ముదిరింది" అంటారు.

నాలుగోది రాస్తుంటే నాకు కోపం వస్తోంది. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు వ్యాపారి ఒకాయన, నాకు బాబాయి వరస, తొమ్మిదేళ్ళ మెయిల్స్ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. ఆయనది పాప్ అకౌంట్. పాప్ అంటే సర్వర్ మీద ఉన్న మెయిల్ కంప్యూటర్‌లోకి దించుకోవడం, చాలాసార్లు దించుకున్నాక సర్వర్ మీద చెరిపెయ్యడం. ఆయన ఫార్వార్డ్ చూసి అకౌంట్ తీసేశాడు, తీసేటప్పుడు మెసేజ్ డేటా కూడా తీసెయ్యనా అని ప్రోగ్రాం మర్యాదగానే అడిగింది, "శుభ్రంగా తీసేద్దాం" అని టిక్కు పెట్టేశాడు. తమిళనాడు పార్టీల రేట్లు, బిల్లులు, జీఎస్టీ వాళ్ళతో ఉత్తరప్రత్యుత్తరాలు, అన్నీ పోయాయి. "ఒరేయ్, మళ్ళీ కలిపితే వస్తాయన్నారు కదరా" అని నా ఎదురుగా కూర్చుని అడిగితే నేనేం చెప్పను? ఇంతా చేస్తే ఆయన అసలు సమస్య ఏంటంటే, డొమైన్ వాళ్ళు సర్వర్ మార్చారు, మెయిల్ బయటికి పంపే సర్వర్ పేరు మార్చుకోమని ఆయనకే మెయిల్ పంపారు. ఆ మెయిల్ కూడా పోయినవాటిలోనే ఉంది. ఐమ్యాప్ అయితే అకౌంట్ తీసి కలిపినా సర్వర్ మీద ఉన్నవి మళ్ళీ దిగుతాయి. మీది ఏదో తెలియకుండా ఆ పని ముట్టుకోకండి, ముట్టుకుంటే ముందు ప్రొఫైల్ ఫోల్డర్ (ప్రోగ్రాం మీ మెయిల్స్, సెట్టింగులు దాచుకునే చోటు) మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.

ఐదోదానికి జవాబు ఒక్క లైను: ఫార్మాట్ కొట్టాక మీరు మళ్ళీ అవే తప్పు సెట్టింగులు పెడతారు.

ఆ మెసేజ్‌లో అసలు లేనిది ఒకటి చెప్పాలి. సెండ్ నొక్కినప్పుడు వచ్చే డబ్బాలో మూడంకెల నంబరు ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు, ఓకే నొక్కేస్తారు. 4తో మొదలైతే తాత్కాలికం, కాసేపాగి ప్రయత్నించమని. 5తో మొదలైతే ఏదో మార్చితే తప్ప పోదని. 535 అంటే పాస్‌వర్డ్ లేదా లాగిన్ పద్ధతి తేడా. 552 అంటే సాధారణంగా సైజు ఎక్కువైంది, లేదా పెట్టె నిండింది. 550కి రెండు మూడు అర్థాలున్నాయి, అవతలి అడ్రసు లేకపోవడం, లేదా మిమ్మల్ని ఎవరో తెలియదని సర్వర్ అనడం, పక్కనున్న ఇంగ్లీషు ముక్క చదివితే తెలుస్తుంది. నంబరే రాకుండా టైమవుట్ అంటే అసలు సర్వర్‌తో మాటే కలవలేదు, పోర్టో నెట్టో చూసుకోవాలి.

సైజు గురించి కడియం నర్సరీల వాళ్ళకి ప్రత్యేకంగా చెబుతున్నా, మీ దగ్గర్నుంచి ఇదే ఎక్కువ. మీ మెయిల్ సర్వర్ హద్దు 25 ఎంబీ అనుకుందాం. మీరు 20 ఎంబీ మొక్కల ఫోటోలు పెట్టి హద్దులోనే ఉన్నాం కదా అనుకుంటారు. మెయిల్‌లో అటాచ్‌మెంట్ అక్షరాలుగా మారి ప్రయాణం చేస్తుంది, ప్రతి 3 బైట్లూ 4 అవుతాయి, మీ 20 దాదాపు 27 అవుతుంది. అది అవుట్‌బాక్స్‌లో ఇరుక్కుంటే వెనకాల కొటేషన్లు కూడా క్యూలో నిలబడిపోవచ్చు, రావులపాలెం సెంటర్లో లారీ అడ్డం తిరిగినట్టు. ఆ ఒక్కదాన్నీ అవుట్‌బాక్స్‌లోంచి తీసేసి ఫోటోలు డ్రైవ్‌లో పెట్టి లింకు పంపండి. డ్రైవ్ అన్నాను కదా అని అక్కడ పెళ్ళి వీడియోలు కుక్కకండి, ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కీ ఫోటోలకీ డ్రైవ్‌కీ కలిపే.

ఇంకో తేడా కూడా గమనించండి. సెండ్ నొక్కితే వెళ్ళిపోయి, తర్వాత మెయిలర్ డీమన్ (అందలేదని సర్వర్ పంపే జవాబు) పేరుతో తిరిగొచ్చిందంటే మీ ప్రోగ్రాం తన పని తాను చేసింది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే డొమైన్‌లకి ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ (ఆ మెయిల్ నిజంగా ఆ డొమైన్ వాళ్ళదేనని చూపించే గుర్తులు) ఉండాలన్నారు. సొంత డొమైన్ పెట్టుకుని అవి లేకపోతే మీ మెయిల్ తిరిగి రావచ్చు. అది డొమైన్ చూసేవాళ్ళతో మాట్లాడాల్సిన సంగతి, కంప్యూటర్ మోసుకుని నా దగ్గరికి రావాల్సింది కాదు.

అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది: బ్రౌజర్‌లో మీ మెయిల్ తెరిచి అక్కడినుంచి ఒకటి పంపి చూడండి. అక్కడినుంచి వెళ్తే అకౌంట్ క్షేమం, ముందు చూడాల్సింది ప్రోగ్రాంలో ఆ అవుట్‌గోయింగ్ పేజీ.

ఫోన్ చేసేవాళ్ళు ఆ ఎర్రర్ డబ్బా ఫోటో తీసి పంపండి, "ఏదో ఇంగ్లీషులో వచ్చిందండీ" అంటే నేనేం చెప్పలేను. నిన్న ఒకాయన పంపారు, చక్కగా, వెలుతురు కూడా బాగుంది, నంబరు ఉన్నచోట మాత్రం బొటనవేలు పెట్టారు.