బ్లాగ్ టూల్ ఏదైనా పర్లేదు, బయటికొచ్చే దారి ఉందో లేదో ముందు చూడండి

బ్లాగ్ మొదలుపెడదాం అనుకునే ప్రతి డెవలపరూ అడిగేది ఒకటే, ఏ టూల్ వాడాలి అని. వచ్చే సమాధానాలు కూడా ఎప్పుడూ అవే. ఒకళ్లు హ్యూగో అంటారు, ఫాస్ట్ కాబట్టి. ఇంకొకళ్లు వర్డ్‌ప్రెస్ చాలు కదా అంటారు, ఇంకెవరో ఆస్ట్రో అంటారు, మరొకళ్లు అవన్నీ ఎందుకు సొంతంగా రాసుకో నేర్చుకున్నట్టు కూడా ఉంటుంది అంటారు. బిల్డ్‌కి ఎన్ని సెకన్లు పడుతుంది, థీమ్ ఎలా ఉంది, డార్క్ మోడ్ ఉందా లేదా, వీటి మీద గంటలు గంటలు మాట్లాడుకుంటాం. రేపు ఈ టూల్ మూతపడితే నేను రాసిందంతా ఏ రూపంలో నా చేతికొస్తుంది అని మాత్రం దాదాపు ఎవ్వరూ అడగరు. నా లెక్కలో మొదట అడగాల్సింది అదే. మిగతావన్నీ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. జియోసిటీస్ అనే ఫ్రీ వెబ్‌పేజీల సైట్‌ని 2009 అక్టోబర్‌లో మూసేశారు, జనం పదేళ్లకు పైగా కట్టుకుంటూ వచ్చిన పేజీలు అవి, మూతపడే సైట్లని దాచిపెట్టే ఆర్కైవ్ టీమ్ వాలంటీర్లు రాత్రింబవళ్లు కూర్చుని దొరికినంత కాపీ చేసుకోబట్టి కొంతైనా మిగిలింది. పోస్టరస్ అని ఉండేది గుర్తుందా, ఈమెయిల్ పంపిస్తే పోస్ట్ అయిపోయేది, చాలా చక్కగా ఉండేది, 2012లో ట్విట్టర్ కొనేసింది, 2013 ఏప్రిల్ 30న ఆపేసింది. అదే ఏడాది జులై 1న బ్లాగులన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ కూడా పోయింది. వీటిని కట్టిన ఇంజినీర్లు తక్కువవాళ్లేం కాదు, ఎవరికీ దురుద్దేశం కూడా లేదు, కంపెనీకి ఆసక్తి వేరే దాని మీదకి మళ్లింది, అంతే. మనం ఎన్నేళ్లు రాశామన్నది ఆ నిర్ణయంలో లెక్కకే రాదు.

ఇప్పుడు దీని పక్కన బీ2 కథ పెట్టి చూడండి. మిషెల్ వాల్‌డ్రిగి అనే ఆయన పీహెచ్‌పీలో రాసుకున్న చిన్న బ్లాగ్ సాఫ్ట్‌వేర్ అది. కొన్నాళ్లకి ఆయన దాన్ని పట్టించుకోవడం మానేశారు, అప్‌డేట్లు ఆగిపోయాయి, వాడుతున్నవాళ్లు ఏం చేయాలో తెలియక ఉండిపోయారు. కానీ కోడ్ జీపీఎల్ లైసెన్స్‌లో ఉంది, అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. అందుకే దాన్ని వాడుతున్న మాట్ ముల్లెన్‌వెగ్, దీన్ని ఫోర్క్ చేసి, అంటే కాపీ తీసుకుని విడిగా, ముందుకు తీసుకెళ్తే ఎలా ఉంటుంది అని తన బ్లాగులో రాస్తే, మైక్ లిటిల్ అనే ఇంకో డెవలపర్ నేనూ చేయి వేస్తా అని ముందుకొచ్చాడు. 2003 మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి వెర్షన్ వచ్చింది. ఇవాళ వెబ్‌లో 40 శాతానికి పైగా సైట్లు దాని మీద నడుస్తున్నాయి. ఒక పక్క డబ్బూ టీమూ అన్నీ ఉన్న పోస్టరస్ కొన్నవాళ్ల చేతిలో ఏడాది తిరిగేసరికి మాయమైపోయింది, ఇంకో పక్క ఒక్క మనిషి సరదాగా రాసి వదిలేసిన కోడ్ ఇరవై ఏళ్లు దాటినా ఇంకో పేరుతో బతికే ఉంది. ఎవరినీ పర్మిషన్ అడక్కుండా ఆ కోడ్ తీసుకుని ముందుకెళ్లే హక్కుని లైసెన్స్ ఇచ్చింది, నేను ఓపెన్ సోర్స్ అంటే పడిచచ్చేది దీనికోసమే. డబ్బులు కట్టక్కర్లేదన్నది నాకు చాలా చిన్న విషయం.

2004లో మూవబుల్ టైప్ అనే బ్లాగ్ సాఫ్ట్‌వేర్‌ది కూడా ఇదే పాఠం. అప్పట్లో సీరియస్‌గా రాసేవాళ్లు చాలామంది దాని మీదే ఉండేవాళ్లు. 3.0 వెర్షన్‌తో లైసెన్స్ మార్చి, ఫ్రీగా వాడేవాళ్లకి ఇంతమంది రైటర్లే, ఇన్ని బ్లాగులే అని లిమిట్లు పెట్టేసరికి జనం కట్టలు తెంచుకుని వర్డ్‌ప్రెస్ వైపు వచ్చేశారు. అంత తేలిగ్గా ఎలా రాగలిగారంటే మూవబుల్ టైప్‌లో ఎక్స్‌పోర్ట్ ఉంది, వర్డ్‌ప్రెస్ వాళ్లు ఆ ఫైల్‌ని లోపలికి తీసుకునే ఇంపోర్టర్ రాసి పెట్టారు. ఇంపోర్టర్ రాయడం లాంటి బోరింగ్ పని ఇంకోటి ఉండదు, డేట్ ఫార్మాట్లు, ఎన్‌కోడింగ్‌లు, విరిగిపోయిన హెచ్‌టీఎంఎల్, కామెంట్లలో చెత్త, అన్నీ కూర్చుని సరిచేయాలి. నన్నడిగితే ఆ బోరింగ్ స్క్రిప్టే ఆ ఏడాది బ్లాగింగ్‌లో అందరికంటే పెద్ద ఫీచర్.

అయితే లైసెన్స్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండిపోవద్దు, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. వర్డ్‌ప్రెస్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే వచ్చే ఎక్స్ఎంఎల్ ఫైల్ చూసి హమ్మయ్య బ్యాకప్ అయిపోయింది అనుకుంటారు, కానీ అందులో ఫొటోలు ఉండవు, ఫొటోలు ఎక్కడున్నాయో చెప్పే లింకులే ఉంటాయి, పాత సర్వర్ ఆపేసిన రోజు ఆ లింకులు ఎందుకూ పనికిరావు. అప్‌లోడ్స్ ఫోల్డర్, డేటాబేస్ డంప్ రెండూ విడిగా తీసి పెట్టుకోవాల్సిందే. ఇక కొన్ని పేజ్ బిల్డర్ ప్లగిన్లతో కట్టిన సైట్లయితే, ప్లగిన్ తీసేసిన మరుక్షణం పోస్ట్ నిండా స్క్వేర్ బ్రాకెట్ల షార్ట్‌కోడ్లు బయటపడతాయి, రాసిన పేరా ఎక్కడుందో వెతుక్కోవాలి. తెలిసినవాళ్ల సైట్లు మార్చిపెట్టేటప్పుడు నా టైమంతా తినేసేది ఇదే, కోర్ సాఫ్ట్‌వేర్ కాదు. అంతా ఓపెన్ సోర్సే, అంతా జీపీఎల్లే, అయినా రాత అందులో ఇరుక్కుపోయి ఉంటుంది.

ఇందుకే నాకు మార్క్‌డౌన్ మీద, అంటే మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో హెడింగులూ లింకులూ రాసుకునే పద్ధతి మీద, అంత నమ్మకం. 2004లో జాన్ గ్రూబర్ రిలీజ్ చేశారు, ఆరన్ స్వార్ట్జ్ దానికి సాయం చేశాడు, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఫైల్ ఏ నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. ఆ ఫైళ్లని వెబ్ పేజీలుగా మార్చే స్టాటిక్ సైట్ జనరేటర్ పాడైపోవచ్చు, ఒక జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ మీద కట్టిన బ్లాగ్‌ని కొన్నేళ్లు ముట్టుకోకుండా వదిలేసి మళ్లీ బిల్డ్ చేయబోతే డిపెండెన్సీలు, అంటే అది ఆధారపడే వేరేవాళ్ల కోడ్ ముక్కలు, ఒకదానితో ఒకటి పడక మొత్తం ఆగిపోయిన అనుభవం నాకుంది, చాలామందికి ఉండే ఉంటుంది. కానీ రాత అంతా పోస్ట్స్ ఫోల్డర్‌లో అలాగే ఉంది. జనరేటర్ మార్చుకున్నా, ఫ్రంట్ మ్యాటర్ (ఫైల్ మొదట్లో టైటిల్, డేట్ ఉండే భాగం) సర్దడానికి ఒక చిన్న స్క్రిప్ట్ రాసుకున్నా, పని అయిపోయింది. అలాగని మామూలు మనుషులందరూ గిట్ లాంటి డెవలపర్ల టూల్ నేర్చుకుని బ్లాగ్ రాయాలని నేను అనను, అది అన్యాయం. రాసేవాళ్లకి ఎడిటర్ హాయిగా ఉండాలి, వాళ్ల దారి వాళ్లకి ఉండేలా చూడటం మనలాంటి వాళ్ల పని.

ఇంకో కోణం 2024లో బయటపడింది. సెప్టెంబర్‌లో మాట్ ముల్లెన్‌వెగ్‌కీ డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకీ గొడవ మొదలై, ఆ కంపెనీ సర్వర్లకి వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ నుంచి వెళ్లే ప్లగిన్ అప్‌డేట్లని ఆపేశారు. ఆ గొడవలో ఎవరిది తప్పు అన్నది కోర్టులు తేల్చుకుంటాయి, నేను అందులోకి వెళ్లను. నాకు దిగులు పుట్టించింది ఏంటంటే, కోడ్ అందరిదీ అయినా అప్‌డేట్లు ఇచ్చే సర్వర్ మాత్రం ఒక్కరి చేతిలోనే ఉంది అని చాలామందికి ఆ రోజే తెలిసింది. గొడవతో ఏ సంబంధం లేని సైట్ ఓనర్లు మధ్యలో నలిగారు. ఇన్నేళ్లు దీని గురించి సీరియస్‌గా మాట్లాడుకోకపోవడం మన కమ్యూనిటీ చేసిన పెద్ద నిర్లక్ష్యం అని గట్టిగా అనుకుంటున్నా.

ఇక అసలు నా మనసుని తొలిచేస్తున్న విషయానికి వస్తా. ఈ దారులన్నీ తెరిచి ఉంచేది మనుషులు. ఇంపోర్టర్లు, ఎక్స్‌పోర్టర్లు, పార్సర్లు, కంప్రెషన్ లైబ్రరీలు, ఇవన్నీ ఉద్యోగం అయ్యాక ఇంటికొచ్చి రాసేవాళ్లు, జీతం లేకుండా చేసేవాళ్లు చాలామంది. నేనూ ఒక చిన్న ఎక్స్‌పోర్ట్ ప్లగిన్ చూసుకుంటుంటాను, దానికి వచ్చే మెసేజ్‌లలో నమస్తే కూడా ఉండదు, క్లయింట్ వెయిట్ చేస్తున్నాడు అర్జంట్ అని ఉంటుంది, ఏ వెర్షనో రాయరు, ఎర్రర్ ఏంటో రాయరు, రెండ్రోజులు జవాబు ఇవ్వకపోతే ఈ ప్రాజెక్ట్ చచ్చిపోయిందా అని అడుగుతారు. నాది చిన్నది కాబట్టి సరిపోయింది. పెద్ద ప్రాజెక్టుల్లో ఇది ఎక్కడిదాకా వెళ్తుందో ఎక్స్‌జెడ్ విషయంలో చూశాం కదా.

ఎక్స్‌జెడ్ యుటిల్స్ అంటే దాదాపు అన్ని లినక్స్ డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ఉండే, ఫైళ్ల సైజు తగ్గించే కంప్రెషన్ టూల్. ఏళ్ల తరబడి ప్రధానంగా ఒక్క మనిషే చూసుకునేవాడు. 2022లో కొన్ని అకౌంట్లు వచ్చి ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) ఎందుకు లేటవుతున్నాయి, నీకు ఆసక్తి లేకపోతే ఇంకొకరికి ఇచ్చెయ్ అని వరసగా ఒత్తిడి పెట్టాయి. ఆయన తన మానసిక ఆరోగ్యం బాగా లేదని, ఇది జీతం లేని పని అని మర్యాదగా చెప్పుకున్నా ఆగలేదు. అప్పటికే జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేస్తూ నమ్మకం సంపాదించుకున్నారు, చివరికి కోడ్‌ని నేరుగా మార్చే కమిట్ యాక్సెస్ దొరికింది, 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగచాటుగా లోపలికి రావడానికి బ్యాక్‌డోర్ పెట్టేశారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, దూరం నుంచి వేరే మెషీన్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి ఎప్పుడూ లేంది అర సెకను ఎక్కువ పడుతోందేంటి అని తవ్వుకుంటూ వెళ్లి పట్టుకున్నాడు కాబట్టి బతికిపోయాం. ఆ ఒత్తిడి పెట్టిన అకౌంట్లు కూడా అదే కుట్రలో భాగం అని చాలామంది సెక్యూరిటీ వాళ్లు అనుమానిస్తున్నారు. నాకు వెన్నులో వణుకు పుట్టిన విషయం ఏంటంటే, ఆ మెసేజ్‌లు చదివితే ఎక్కడా తేడాగా అనిపించవు, ఏ రిపోజిటరీలో అయినా రోజూ కనిపించేలాంటివే. ప్రాజెక్ట్‌ని చూసుకునే మెయింటైనర్‌ని కసురుకోవడం మనకి అంత అలవాటైపోయింది కాబట్టే అందులో దాడి దాక్కోగలిగింది.

అందుకని మీ కంపెనీ బ్లాగో డాక్స్ సైటో వీటి మీద నడుస్తుంటే మేనేజర్‌తో మాట్లాడండి, స్పాన్సర్ చేయమని అడగండి, కుదరకపోతే కనీసం ఆఫీస్ టైమ్‌లో బగ్స్ ఫిక్స్ చేసి అసలు ప్రాజెక్టుకి పంపడానికి ఒప్పించండి, ఒక్కసారి అడిగితే ఒప్పుకోరు, మళ్లీ అడగండి. డబ్బు మీ చేతిలో లేకపోతే, ఎవరో పెట్టిన ఇష్యూ తెరిచి, అది మీ మెషీన్‌లో కూడా వస్తుందో లేదో చూసి, వెర్షన్ నంబర్లు, ఎర్రర్ లాగ్, ఏ స్టెప్స్‌లో వచ్చిందో రాసి పెట్టండి, మెయింటైనర్‌కి ఒక సాయంత్రం మిగులుతుంది. ఏఐతో రాయించిన ప్యాచ్‌ని మీరు రన్ చేసి చూడకుండా పంపకండి ప్లీజ్, దాన్ని చదవాల్సింది అవతల ఒక మనిషే. ఇక మీ సొంత బ్లాగ్ సంగతికొస్తే, ఈ శనివారం ఎక్స్‌పోర్ట్ తీసి, ఖాళీ మెషీన్‌లో ఇంటర్నెట్ ఆపేసి తెరిచి చూడండి, ఫొటోలతో సహా ఎన్ని పోస్టులు నిజంగా వచ్చాయో కింద రాయండి, ఎక్కడైనా ఇరుక్కుంటే ఏ టూల్ నుంచి తీస్తున్నారో కూడా చెప్పండి, నాకు తెలిసినంతలో సాయం చేస్తాను.