తల రాజుకు, తోక రాణికి

2023 ఏప్రిల్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ విడుదల చేసిన పట్టాభిషేక ఆహ్వానపత్రంలో ఒక మాట కనిపించకుండా పోయింది. అంతకు ముందు ఏడు నెలల పాటు బ్రిటన్ రాజు చార్లెస్ భార్య కమిల్లా గారి పేరును అంటిపెట్టుకుని తిరిగిన ‘కన్సార్ట్’ (అంటే ఏలేవారి జీవిత భాగస్వామి) అన్న ముక్కను ఎవరో మర్యాదగా పక్కకు తప్పించగా, ‘క్వీన్ కమిల్లా’ అన్న రెండు మాటలే మిగిలాయి. శుభలేఖలో మేనమామ పేరు ఒక వరుస కిందికి జారితే పెళ్లి ఆగినంత పని అయ్యే ఇళ్లలో పుట్టి పెరిగిన మనకు, అచ్చులో ఒక మాట పోవడం ఎంత గంభీరమైన సంగతో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఒక్క మాట కోసం ఆ దేశం 18 ఏళ్లు శ్రమించింది. 2005 ఫిబ్రవరిలో పెళ్లి కబురు చెబుతూనే, చార్లెస్ రాజైన నాడు ఈమె రాణి అనిపించుకోరని, ‘ప్రిన్సెస్ కన్సార్ట్’ అన్న బిరుదు వాడాలన్నది ఉద్దేశమని ఆయన కార్యాలయం ప్రకటించింది. ఆ దేశపు చరిత్రలో ఏ రాజు భార్యా అలాంటి బిరుదు మోయలేదు. పైగా అక్కడి ఆచార న్యాయం ప్రకారం రాజును కట్టుకున్న ఆడది తనంత తానే రాణి అవుతుంది. ఆపాలంటే పార్లమెంటు చట్టం చేయాలి. అంత శ్రమ ఎవరూ పడలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనం నవ్వుకుంటాం గానీ, అక్కడ ఆలు నిక్షేపంగా ఉంది, ఆమెను ఏమని పిలవాలో తేలడానికే రెండు దశాబ్దాలు పట్టింది. చివరకు 2022 ఫిబ్రవరి 5న అత్తగారు ఎలిజబెత్, కోడలిని క్వీన్ కన్సార్ట్ అని పిలవాలన్నది తన మనఃపూర్వకమైన కోరిక అని సెలవిచ్చారు. తూర్పున ఉదయించడానికి సూర్యుడికి అనుమతి దొరికినంత ఆనందం ఆనాటి పత్రికల నిండా పొంగింది.

ఇంతకూ ఈ పదవిలో ఉన్నదేమిటి? 18వ శతాబ్దపు న్యాయకోవిదుడు విలియం బ్లాక్‌స్టన్ దాన్ని దాచకుండా చెప్పాడు: రాజు భార్య రాజుకు సమానురాలు కాదు, ఆయన ప్రజలలో ఒకతె. పట్టాభిషేకంలో ఆమెకు తైలం పూస్తారు, కిరీటం పెడతారు, ప్రమాణం మాత్రం చేయించరు. చేయవలసిన పని లేనప్పుడు దాన్ని సరిగా చేస్తానని ఎందుకు ప్రమాణం చేయాలి? ఇదే లెక్కలో రాణిని కట్టుకున్న మగవాడు రాజు కాకూడదు. రాజు అన్న మాట రాణి అన్న మాటకన్నా బరువైనది కనుక భార్య సింహాసనం పక్కకు ఒరుగుతుందని భయం. విక్టోరియాను 1840లో పెళ్లాడిన ఆల్బర్ట్ ‘ప్రిన్స్ కన్సార్ట్’ అన్న బిరుదు కోసం 1857 వరకు ఆగవలసి వచ్చింది. రాజు భార్యకు అంత పెద్ద మాటను అంత సులువుగా ఇవ్వడానికి కారణం, అందులో బరువేమీ పెట్టకపోవడమే.

అయితే అసలేమీ ఇవ్వలేదంటే అన్యాయమవుతుంది. తిమింగలాన్ని ఇచ్చారు. ఇంగ్లాండు తీరానికి కొట్టుకువచ్చిన స్టర్జన్ చేప పూర్తిగా రాజుది. తిమింగలం మాత్రం ఉమ్మడి ఆస్తి. మనవాళ్లయితే దీన్ని తలా తోకా లేని ఆచారం అనేవారేమో గానీ, అలా అనడానికి వీల్లేదు: తల రాజుకు, తోక రాణికి అని స్పష్టంగా పంచి పెట్టారు. రాణి గారి ఉడుపులకు తిమింగలపు ఎముక కావాలి కదా, అందుకని తోక ఇచ్చారట. కారణంగా పాత దస్తావేజులలో ఇదే ఉందని బ్లాక్‌స్టన్ రాశాడు. నడుము బిగించే కోర్సెట్లలో దోపే ఆ ‘ఎముక’ నిజానికి ఎముక కాదు, తిమింగలం నోట్లో దువ్వెన పళ్లలా వేలాడే పొర. నోరు తలలో ఉంటుంది. తోకలో ఉండదు. ఒడ్డున నిలబడిన ఆ రాజోద్యోగులను ఒకసారి ఊహించుకోండి: ఒక జట్టు కోర్సెట్ సరుకుతో సహా తలను బండి మీద రాజు గారి వైపు తోలిస్తుంది, రెండో జట్టు టన్నుల కొద్దీ బరువున్న తోకను ఈడ్చుకుంటూ అంతఃపురానికి తెచ్చి, అమ్మగారూ, మీ రవికెల సామగ్రి వచ్చిందని వినయంగా విన్నవిస్తుంది. రాణి గారు దాన్ని ముందు నుంచి, వెనుక నుంచి, పక్క నుంచి పరిశీలిస్తారు. తోక కంపు కొడుతూ ఉంటుంది. కావలసింది అవతలి గదిలో భర్తగారి దగ్గర ఉందని ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

తోకైనా దక్కని రాణి కెరొలైన్. 1820లో నాలుగో జార్జి గద్దెనెక్కగానే చేసిన మొదటి పనులలో ఒకటి, చర్చి ప్రార్థనలలోంచి భార్య పేరును తీయించడం. పరపురుషుడితో తిరిగిందని, ఆమె రాణి బిరుదును లాక్కుని పెళ్లిని రద్దు చేయడానికి ప్రభువుల సభలో బిల్లు పెట్టించాడు. తొమ్మిది ఓట్ల తేడాతో గట్టెక్కిన ఆ బిల్లును పరువు దక్కించుకోవడానికి ప్రభుత్వమే వెనక్కు తీసుకుంది. నేరం మోపిన మహానుభావుడు 1785లోనే మరొకామెను రహస్యంగా పెళ్లాడినవాడు. 1821 జూలై 19న పట్టాభిషేకం నాటి ఉదయం కెరొలైన్ వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చర్చికి వెళ్లి ఒక తలుపు నుంచి ఇంకో తలుపుకు తిరిగింది. ఈమె మీ రాణి అని వెంట వచ్చిన ప్రభువు చెబితే, టికెట్ ఏదని కాపలావాళ్లు అడిగారు. గొడవ చేసేవారిని ఆపడానికి బాక్సింగు వస్తాదులకు రాజసేవకుల వేషాలు వేయించి నిలబెట్టారు. ఆమె వెనుదిరిగింది. సరిగ్గా 19 రోజులకు చచ్చిపోయింది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 1351 నాటి రాజద్రోహ చట్టం రాజు భార్యతో పోవడాన్ని ద్రోహం అంటుంది. ఒప్పుకుంటే ఆమే ద్రోహి. ఆ చట్టం ఇవాళ్టికీ పుస్తకంలో ఉంది. రాజు ఎవరితో పోయినా ద్రోహం కాదు. ఎనిమిదో హెన్రీ ఉంపుడుగత్తెకు పుట్టిన కొడుకును 1525లో బహిరంగంగా డ్యూక్‌ను చేశాడు. ఆ మనిషే 1536లో భార్య ఆన్ బొలీన్ తల తీయించాడు. తరువాత మరో భార్య కాథరిన్ హోవర్డ్. ఇరవై ఏళ్లు నిండాయో లేదో కూడా చెప్పలేని పిల్ల. 1541 నవంబరులో ముందు ఆమె రాణి బిరుదు ఊడదీశారు, 1542 ఫిబ్రవరి 13న తల తీశారు. అంతటితో ఆగారా? గతాన్ని దాచి రాజును పెళ్లాడే ఆడది ద్రోహి అని ప్రత్యేకంగా చట్టం రాసుకున్నారు! తలలు నరికిన చేతులతోనే బిరుదులు రాసినవాళ్లు అవి గౌరవాలని చెబితే, మనం అల్పాహారం తింటూ టీవీలో చూసి మురిసిపోవాలా?

క్షమించాలి. పట్టాభిషేకం దగ్గర ఉన్నాం. 2023 మే 6న కమిల్లా గారికి కొత్త కిరీటం చేయించకుండా, 1911లో మేరీ రాణి పెట్టుకున్నదాన్నే సవరించి పెట్టారు. ఇది పొదుపు, పర్యావరణహితం అని ప్యాలెస్ చెప్పుకుంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో పుట్టిందని మనం చెప్పుకునే కోహినూరును, పదేళ్ల పంజాబు రాజు దులీప్ సింగ్ చేత రాయించుకున్నదాన్ని, రాజుల భార్యల కిరీటాలకు తొడుగుతూ వచ్చినవారు ఈసారి చాటున ఉంచి, దక్షిణాఫ్రికాలో దొరికిన కలినన్ వజ్రాలు పొదిగారు. ఆ విధంగా ఎవరి మనసూ నొప్పించలేదు.

1913 నుంచి బ్రిటన్ తీరానికి కొట్టుకువచ్చే తిమింగలాల లెక్కను లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం రాస్తోంది. కన్సార్ట్ అన్న మాటను అంత చాకచక్యంగా తీసేసిన అధికారులు, ఈసారి ఒకటి ఒడ్డున పడినప్పుడు, మ్యూజియం వారు కొలతలు పూర్తి చేసేలోగా కమిల్లా గారి దగ్గరకు వెళ్లి తల కావాలా, తోక కావాలా అని ఒక్క మాట అడిగి రావాలని మనవి.